దగ్గు వినపడని చోటు

రాజలింగు మోకాళ్ల మీద కూర్చుని కింది అరలో పుస్తకాలు సర్దుతున్నాడు. నడుము వంచితే కడుపులోని పులుపు గొంతుదాకా ఎగదన్నుకొస్తుంది. దాని వెనకే దగ్గు, దగ్గు వెనకే ఆయాసం. అందుకే పొద్దున ఎనిమిదింటికి, రీడింగ్ హాలు ఇంకా చల్లగా ఉండగానే, ఒక్కో అర ముందూ కూర్చుంటూ లేస్తూ పని ముగించుకుంటాడు.

యాభై ఆరేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. దగ్గి దగ్గి మెడనరాలు తాళ్లలా తేలాయి. ప్యాంటుకు బెల్టు పెట్టడు. పొట్ట దగ్గర బిగిస్తే ఛాతీలో మంట లేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఈ యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు. జీతమిచ్చే ఏజెన్సీలు నాలుగు మారాయి గాని అతని హాలు మారలేదు.

మొదట అందరూ ఆస్తమా అన్నారు. రెండేళ్లు ఇన్‌హేలర్ పీల్చాడు. చివరికి తార్నాకలో ఒక డాక్టరు గొంతులోంచి గొట్టం దింపి చూసి, "ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. కడుపులో ఆమ్లం పైకొచ్చి గొంతును కాలుస్తోంది. దగ్గూ ఆయాసమూ దానివల్లే" అన్నాడు. పరగడుపున మాత్ర. చాయ్, కారం, చింతపండు బంద్. రాత్రి అన్నం ఏడింటిలోపు. మంచం తలవైపు ఎత్తుగా ఉండాలి.

రాజలింగు అన్నీ పాటించాడు. లాలాపేటలోని ఒంటిగది ఇంట్లో మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాడు. ఆ వాలుకు భార్య భాగ్య రాత్రంతా కిందికి జారేది. నాలుగు రోజులు చూసి చాప తెచ్చుకుని నేల మీదికి మారింది. అతను తిన్న రెండు గంటలకు, పచ్చిపులుసు వాసన తగలకుండా, గడప అవతల కూర్చుని ఒక్కతే తింటుంది. మంట తగ్గింది. దగ్గు మాత్రం పోలేదు. నెలలు పడుతుందన్నాడు డాక్టరు.

పదకొండింటికి హాలు నిండింది. రెండు వందలమంది పోటీ పరీక్షల పిల్లలు. ఫ్యాన్ల చప్పుడు, కాగితాల చప్పుడు. రాజలింగుకు గొంతులో గరగర మొదలైంది. గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క మింగాడు. ఆగలేదు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వరండావైపు నడిచాడు. గుమ్మం ఇంకా నాలుగడుగులు ఉండగానే దగ్గు తన్నుకొచ్చింది. తలలన్నీ లేచాయి.

కాసేపటికి సాత్విక్ వరండాలోకి వచ్చాడు. రెండేళ్లుగా కిటికీ పక్క కుర్చీని రాజలింగు కాపలా కాసి ఉంచేది అతనికే.

"అంకుల్, తప్పుగ అనుకోవద్దు. పదిహేను రోజుల్ల ఎగ్జామ్. మీ దగ్గు మొదలైతే చదివిందంతా పోతున్నది. అందరం కలిసి సార్‌కు లెటర్ ఇచ్చినం." తల దించుకున్నాడు. "నేను గూడ సైన్ చేసిన."

"మంచిగనే చేసినవ్ బిడ్డా. పో, చదువుకో."

నిజంగానే అన్నాడు. గుసగుసలాడినవాళ్లను ఇరవై రెండేళ్లుగా బయటికి పంపింది తనే.

మూడింటికి లైబ్రేరియన్ సుందరరావు పిలిచాడు. చాయ్ కప్పు ముందుకు జరిపి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమీ అనుకోకు రాజలింగూ. రేపట్నుంచి కింద పాత పత్రికల గది చూసుకో. అక్కడైతే నీ దగ్గు ఎవరికీ వినపడదు."

"ఆ దుమ్ముల నాకు దమ్మాడది సార్."

"మనిషినే మార్చేస్తామన్నారయ్యా ఏజెన్సీవాళ్లు. బతిమాలి ఈపాటి చేశాను."

అబద్ధం కాదని అతని ముఖం చూస్తే తెలుస్తోంది. రాజలింగు దండం పెట్టి, గది చూద్దామని మెట్లు దిగాడు.

ర్యాకుల మధ్య మోకాళ్లు ఆనించే చోటు లేదు. కింద పడివున్న కట్ట ఒకటి తీయబోయి వంగాడు. పులుపు భగ్గున ఎక్కింది. గొంతు మూసుకుపోయింది. గాలి లోపలికీ రాదు, బయటికీ పోదు. ర్యాకు పట్టుకుని నిలబడ్డాడు. గాభరా పడొద్దని డాక్టరు చెప్పిన మాట తలచుకున్నాడు. చూపు మసకబారాక సన్నటి ఈలలా ఊపిరి తిరిగొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు దగ్గాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. పైన అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరూ దిగి రాలేదు.

సార్ చెప్పింది నిజమే.

మెట్లెక్కి, పక్కతలుపు దగ్గర కౌంటరులో కూర్చున్న అమలకు తాళాలిచ్చాడు.

"ముఖం గట్లున్నదేంది అన్నా?"

"రేపు హాలు నువ్వే తెరువమ్మా."

"ఎల్లుండి?"

"ఇగ నువ్వే తెరువు."

ఆమె పుస్తకాల మీద ముద్రలు వేసే తొందరలో తలూపింది. అతను పక్కతలుపులోంచే బయటికి నడిచాడు.

తార్నాక వంతెన కింద అరికాళ్లు చుర్రుమన్నాక కిందికి, తన వట్టి కాళ్లవైపు చూసుకున్నాడు. వెనక్కి తిరగబోయాడు. మళ్లీ ఆ గుమ్మం దాకా వెళ్లాలి, మళ్లీ దగ్గొస్తుంది, మళ్లీ తలలన్నీ లేస్తాయి. నీడలు వెతుక్కుంటూ లాలాపేట వైపు నడిచాడు.

ఆరున్నరకు భాగ్య పప్పూ అన్నం పెట్టింది. సగం తిన్నాడు.

"రేపు డబ్బాల ఏం పెట్టాలె?"

"ఏం పెట్టకు."

ఆమె అతని కాళ్ల వైపు చూసింది. గడప అవతలికి పోకుండా అక్కడే, అతని పక్కన కూర్చుంది.

రీడింగ్ హాలు గుమ్మం పక్కన, టపటప చప్పుడుకు పిల్లల చదువు చెడుతుందని రోజూ విప్పేసి లోపలికి వెళ్లే అతని రబ్బరు చెప్పులు, మడమల దగ్గర పలచగా అరిగి, గోడవైపు తిరిగి ఉన్నాయి.