తొంభై ఏడు చూపించిన పొద్దున

నేను ఒక ఆక్సీమీటరును. మనిషి వేలు కరిచి పట్టుకుని, నెత్తుర్లో ప్రాణవాయువు ఎంతుందో చెప్పడం నా పని. ఏదో ఫ్యాక్టరీలో నాలాంటి వేలమందితో పాటు పుట్టాను. కరోనా రెండో విడతలో తెనాలి మందుల షాపులో మిగిలిన ఆఖరి పీసును నేనే. అంచేత కాస్త పొగరు.

నన్ను కొన్న నాగభూషణానికి నాకంటే ఎక్కువ పొగరు. నిమ్మకాయల మార్కెట్లో వేలంపాట పాడతాడు. కరోనా సోకి గదిలో పడేసినా, కిటికీలోంచి వేలు చూపించి, "తొంభై ఏడు. నాయి ఇనప ఊపిరితిత్తులు" అని వీధికంతా చాటేవాడు. నేనూ ఉబ్బిపోయేదాన్ని.

పదో రోజు పొద్దున కాఫీ గ్లాసు ఆయన కుడిచేతిలోంచి జారింది. మూతి ఓ పక్కకు లాగింది. ఏమైందని భార్య నాంచారమ్మ అడిగితే పొంతన లేకుండా "గంప... గంప..." అన్నాడు. ఆవిడ నన్ను తెచ్చి ఆయన వేలికి తగిలించింది.

తొంభై ఏడు.

"బానే ఉందిగా. నీరసం అయ్యుంటది, పడుకోండి" అంది.

నేను అబద్ధం చెప్పలేదు. అడగని సంగతి నాకు తెలియదు, అంతే. అయినా అన్నీ తెలిసిన పెద్దమనిషిలా ధీమాగా వెలిగాను.

అరగంటకు ఆశా కార్యకర్త సలోమి రోజూలాగే వచ్చింది. నా వంక చూడనైనా లేదు.

"బాబాయ్, రెండు చేతులూ ఎత్తు."

ఎడమది లేచింది. కుడిది సగంలోనే వాలిపోయింది.

"ఎప్పట్నించి ఇట్టా?"

"ఇందాక కాఫీ తాగేప్పుడు" అంది నాంచారమ్మ. "ఆక్సిజన్ బానే ఉందమ్మాయ్."

"ఇది పక్షవాతం పిన్నీ. కరోనా వచ్చినోళ్లలో కొందరికి నెత్తురు గడ్డకట్టి మెదడు నరానికి అడ్డం పడుద్ది. నాలుగున్నర గంటల్లోపు ఇంజెక్షన్ పడాల. ఆ క్లిప్పు తీసెయ్."

క్లిప్పంట. బట్టలారేసే క్లిప్పుననుకుంది కాబోలు.

అంబులెన్స్ వచ్చింది. నన్ను మంచం మీదే పడేసి వెళ్లారు. గుంటూరులో స్కానింగ్ తీసి, గడ్డ కరిగే మందు ఎక్కించారని తర్వాత విన్నాను. పన్నెండు రోజులకు ఇంటికొచ్చాడు. చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది. మాటే, ఒక్కోటీ వెతుక్కుంటే వస్తోంది.

నా బ్యాటరీలు టీవీ రిమోటుకు పోయాయి. సగం తెరిచిన సొరుగులో పడున్నాను.

ముప్పై ఏళ్లుగా నాంచారమ్మ ఏ మాట మొదలుపెట్టినా ఆయనే పూర్తి చేసేవాడు. నిన్న ఆయన "నాకు... కొంచెం..." అని ఆగిపోయాడు. ఏం కావాలో ఆవిడకు తెలుసు. గ్లాసు చేతిలోనే ఉంది. అయినా అందించలేదు. ఎదురుగా కూర్చుని, ఆయన పెదవుల వంక చూస్తూ ఆగింది.

చాలాసేపటికి అన్నాడు.

"మజ్జిగ."