గడప దాకా నడిచిన చెప్పులు

నేను ఒక కిర్రు చెప్పుల జతను. జత కాబట్టి మేము అనాలేమో. కానీ మాలో ఒకదాన్ని విడిగా తలుచుకున్నవాళ్ళు లేరు, పెళ్ళిళ్ళలో ఒకటి తప్పిపోయినప్పుడు తప్ప. అందుకని నేను అనే అంటాను.

మీరు నన్ను చూసి ఉండరు. విని ఉంటారు. ఇరవై ఏళ్ళు తెలుగు సినిమాల్లో నడిచాను. జమీందారు మేడమెట్లు దిగాడంటే దిగింది నేను. దొంగ దొడ్డిగుమ్మం దాటాడంటే దాటింది నేను. తెర మీద కాళ్ళు వాళ్ళవి, చప్పుడు నాది. పెద్ద హీరో గుమ్మంలో అడుగు పెడితే హాలంతా ఈలలు వేసింది ఒకసారి. ఆ అడుగు నిజంగా వేసిన మనిషి ఆ పూట తిన్న పూరీలు అరగక పొట్ట పట్టుకుని నడిచాడని ఎవరికి తెలుసు?

ఇప్పుడు హైదరాబాదులో ఒక సౌండు స్టూడియోలో, ఇనప బీరువా కింది అరలో ఉన్నాను. ఇక్కడ టీవీ సీరియళ్ళ పని జరుగుతుంది. నడవడానికి మనుషులు అక్కర్లేదు. కంప్యూటరులో వేల అడుగులు దాచిపెట్టారు. ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని 'తండ్రి, ముసలి, విచారం' అని కొడుతుంది, అడుగులు వచ్చేస్తాయి. నేను తప్పు పట్టను. ఆ అడుగులు వినబడగానే ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళు కూర తరగడం ఆపి టీవీ వంక చూస్తారట. చూస్తారు మరి. అవి ఎవరి అడుగులో నాకు తెలుసు. అది చెబుదామనే ఈ కథ మొదలుపెట్టాను.

నన్ను కుట్టింది వినుకొండలో ముత్తయ్య. కిర్రు ఊరికే రాదు. అట్టకీ అట్టకీ మధ్య ఎండిన తోలు ముక్క ఒరుసుకునేలా పెట్టి, నూనె తగలనీకుండా కుట్టాలి. అడుగు పడినప్పుడల్లా ఆ ముక్క పలుకుతుంది. అది ముత్తయ్య చేతిలో ఉన్న విద్య. నన్ను కుట్టించుకున్నది సింగరయ్య, తాలూకా ఆఫీసులో బిళ్ళ బంట్రోతు. నడుముకి పట్టీ, ఛాతీ మీద ఇత్తడి బిళ్ళ, చేతిలో సమన్ల కట్ట.

ఒక సంగతి ఉంది. బంట్రోతు కిర్రు చెప్పులు వేసుకుని తహసీల్దారు ముందు నడవకూడదు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ, అలా నడిస్తే పొగరు కింద లెక్క. సింగరయ్య ఆఫీసు గేటు అల్లంత దూరాన ఉండగానే నన్ను విప్పి, గోడవారన ఒక రాయి కింద దాచేవాడు. పగలంతా ఉత్త కాళ్ళతో 'చిత్తం' అంటూ తిరిగేవాడు. సాయంత్రం గేటు దాటాక నన్ను తొడుక్కునేవాడు. అక్కడి నుంచి ఇంటి దాకా నా కిర్రు వీధి వీధంతా వినబడేది. ఆ ఫర్లాంగు దూరం ఆయన ఎవరికీ బంట్రోతు కాడు.

ఆయన నడకలో ఒక తేడా ఉండేది. సైకిలు మీద నుంచి పడిన దెబ్బకి ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు. కుడి అడుగు గట్టిగా, ఎడమది రాసుకుంటూ. ఇంటి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగేవాడు. కుడి చెప్పు చప్పున విప్పి, గోడ పట్టుకుని, ఎడమది నిదానంగా విప్పేవాడు. ఆ రెండు చెప్పులు నేల తాకే మధ్యలో ఆయన భార్య పున్నమ్మ కంచం కడిగి పీట వేసేసేది.

వాళ్ళ ఒక్క కొడుకు కోటిలింగం. పదకొండో తరగతి ప్యాసయ్యాడు. ఆ ఇంట్లో అంతదాకా చదివింది అతనొక్కడే. సింగరయ్య కళ్ళకి అప్పుడే కొడుకు తాలూకా ఆఫీసులో బల్ల వెనక కూర్చున్నట్టు కనబడింది. కొడుకేమో సినిమాల్లో చేరతానన్నాడు. యాక్టరుగా కాదు, చప్పుళ్ళు చేసే పనికి. ఊళ్ళో నాటకాల వెనక ఉరుములు, వానలు చేసింది వాడే. తండ్రి నెల రోజులు మాట్లాడలేదు. ఒక ఉదయం ఆయన డ్యూటీకి వెళ్ళేందుకు తయారవుతుంటే కొడుకు మద్రాసుకి బయల్దేరాడు. పున్నమ్మ నన్ను తెచ్చి అతని సంచిలో కుక్కింది. ఎండకి ఉత్త కాళ్ళతో తిరగొద్దని చెప్పింది. ఆ రోజు సింగరయ్య ఏ చెప్పులతో ఆఫీసుకి వెళ్ళాడో నాకు తెలియదు.

మద్రాసులో కోటిలింగం నన్ను రోడ్డు మీద తొడగలేదు. స్టూడియోలోనే తొడిగేవాడు. మీకు ఆ గది ఎలా ఉంటుందో చెప్పాలి. నేల మీద ఒక మూల ఇసుక, ఒక మూల నాపరాళ్ళు, ఒక మూల చెక్కబల్ల. ఎదురుగా తెర. తెర మీద ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. అందులో మనిషి ఎలా అడుగు వేస్తే ఇక్కడ ఇతను అలా వేయాలి. చేటలో శనగలు దొర్లిస్తే వాన. తడి తువ్వాలు విదిలిస్తే కొంగ రెక్కలు. ముందు నాకు ఇదంతా మోసంలాగే అనిపించింది. తర్వాత తర్వాత అర్థమైంది. చప్పుడు లేని తెర మీద మనిషి ఎంత ఏడ్చినా అద్దం అవతల ఏడ్చినట్టే ఉంటుంది. వాడి అడుగు చెవిలో పడితేనే వాడు మన గదిలోకి వస్తాడు. మన గదిలోకి వచ్చినవాడి కోసమే మనం ఏడుస్తాం.

మూడేళ్ళు గడిచాయి. కోటిలింగానిది రోజు కూలీ పనే. అప్పుడు ఒక సినిమా వచ్చింది. దాని డైరెక్టరు మెచ్చుకుంటే పర్మనెంటు చేస్తామని స్టూడియోవాళ్ళు మాటిచ్చారు. బుధవారం రికార్డింగు. మంగళవారం పొద్దున్నే మా అద్దెగది తలుపు దగ్గర గుడ్డ సంచితో సింగరయ్య నిలబడి ఉన్నాడు.

వచ్చిన పని దాచుకోలేదు. తాలూకా ఆఫీసులో గుమాస్తా పోస్టు ఖాళీ అయింది, తహసీల్దారు సరేనన్నాడు, శుక్రవారం లోగా కుర్రాడు వచ్చి ఎదుట నిలబడాలి. రైలు బుధవారం సాయంత్రం. కోటిలింగం తల వంచుకుని విన్నాడు. రేపు తనకి ముఖ్యమైన పని ఉందన్నాడు.

"ఏం పని?"

"నడవాలి నాయనా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. గదిలోనే."

సింగరయ్య కొడుకుని కిందా పైనా చూశాడు. "నడిచినందుకు కూలీ ఇస్తున్నారా ఈ ఊళ్ళో," అన్నాడు. "నేను ముప్పై ఏళ్ళు నడిచా. అంతా వసూలు చేస్తే మద్రాసు కొనొచ్చు."

కోటిలింగం పనికి పోయాడు. ఆ రోజు నన్ను తీసుకెళ్ళలేదు. సింగరయ్య గదిలో కూర్చుని నన్ను చూశాడు. చేతిలోకి తీసుకుని వంచాడు, కిర్రుమన్నాను. ఆయన ముఖంలో సంతోషం వచ్చి వెంటనే పోయింది. శుక్రవారం కొడుకు వీటితోనే ఆఫీసు వరండా ఎక్కితే? మొదటి రోజే పొగరు అనుకుంటే? ఆయన లేచి వీధి చివర కొట్టుకి వెళ్ళి ఆముదం తెచ్చాడు. అట్టల సందుల్లోకి పోసి, గుడ్డతో రుద్ది, డాబా మీద ఎండలో పెట్టాడు. సాయంత్రం దాకా మళ్ళీ మళ్ళీ పోశాడు. తండ్రి ప్రేమ అంత ఓపిగ్గా ఉంటుందని, నా నోరు అంత మెత్తగా పడిపోతుందని నాకప్పుడే తెలిసింది.

బుధవారం ఈ నడిచే ఉద్యోగమేదో చూద్దామని ఆయన కూడా స్టూడియోకి వచ్చాడు. మూల స్టూలు వేసి కూర్చోబెట్టారు.

ఆ సన్నివేశం చెబుతాను. కొడుకు తండ్రితో గొడవపడి ఇల్లు వదిలి పోయాడు. తండ్రి కొడుకుని తీసుకురావడానికి స్టేషనుకి వెళ్ళాడు. తెర మీద తండ్రి కనబడడు. ఇంట్లో తల్లి ముఖం ఒక్కటే కనబడుతుంది. ఆమె వింటూ ఉంటుంది. వచ్చేది ఒకరి అడుగులా, ఇద్దరివా అని. డైరెక్టరు అక్కడ పాట వద్దన్నాడు, వాయిద్యం వద్దన్నాడు. కిర్రు చెప్పుల అడుగులు చాలన్నాడు. అంటే జనం ఏడ్చేదీ ఏడవందీ నా మీదే ఉంది.

కోటిలింగం నన్ను తొడుక్కుని ఇసుక మీద అడుగు వేశాడు. చప్పుడు లేదు. ఇంకో అడుగు. లేదు. అద్దం వెనక నుంచి సౌండు ఇంజనీరు ఏమీ వినబడలేదని చేతులు తిప్పాడు. కోటిలింగం నన్ను విప్పి వేలితో నొక్కాడు. ఆముదం వేలికంటింది. తండ్రి వంక చూశాడు.

"నేనే రాశా," అన్నాడు సింగరయ్య. "తహసీల్దారు ముందు కిర్రుమంటే బాగుండదని."

కోటిలింగం నన్ను పక్కన పెట్టాడు. వేరే చెప్పుల్లో నడిచాడు, బూట్లలో నడిచాడు. డైరెక్టరు ప్రతిసారీ తల అడ్డంగా ఊపాడు. ఇవి ఎవరో పేరంటానికి వస్తున్న అడుగులు అన్నాడు. తెర మీద ఆ తల్లి అలాగే వింటూ ఉంది, పదోసారి, పదిహేనోసారి. ఇంకో గంటలో తేలకపోతే పక్క స్టూడియో నుంచి మనిషిని పిలిపిస్తామన్నారు. అంటే కోటిలింగం సాయంత్రం రైలెక్కాల్సిందే.

సింగరయ్య స్టూలు మీద నుంచి లేచాడు.

"అయ్యా, ఆయన కొడుకు దొరకలేదు కదా?" అని డైరెక్టరుని అడిగాడు.

"దొరకలేదు."

"అయితే ఆ చెప్పులు కిర్రుమనవు."

ఆయన కొడుకు వైపు తిరగకుండా, తెర వైపే చూస్తూ చెప్పాడు. "వీడు ఇల్లొదిలిన రోజు ఆఫీసుకు పోతూ పోతూ మనసాగక బస్టాండుకి పోయా. బస్సు వెళ్ళిపోయింది. తిరిగి ఇంటికొచ్చా. ఎట్లా వచ్చానో నాకు తెలుసు. నే నడుస్తా."

ఆ సంగతి కోటిలింగానికి తెలియదు. పున్నమ్మకీ తెలియదేమో. మూడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

ఆయన పాదాలు నాలోకి వచ్చాయి. ఎన్నాళ్ళయిందో. నూనెకి మెత్తబడ్డ నా అట్టల మీద ఆయన కుడి మడమ పడింది, ఎడమది రాసుకుంటూ వచ్చింది. కిర్రు లేదు. ఇసుక నలిగిన చప్పుడు, ఈడ్చిన చప్పుడు. ఇంజనీరు చెప్పకుండానే ఆయన ఇసుక దాటి నాపరాయి మీదికి వచ్చాడు, అక్కడ ఆగాడు. చాలాసేపు ఆగాడు. కుడి చెప్పు విప్పాడు. గోడ కోసం చెయ్యి చాచాడు. అక్కడ గోడ లేదు, కోటిలింగం భుజం ఉంది. దాన్ని పట్టుకుని ఎడమది విప్పాడు.

తెర మీద తల్లి ముఖం అప్పుడే వాలిపోయింది. ఆమె ఆ షాటు మూడు నెలల క్రితం చేసింది. అయినా ఈ అడుగులు వినే తల వాల్చిందని గదిలో ఉన్న అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. ఇంజనీరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. డైరెక్టరు ఇంకో టేకు అడగలేదు.

సాయంత్రం రైలుకి సింగరయ్య ఒక్కడే వెళ్ళాడు. ఉద్యోగం మాట ఎత్తలేదు, రమ్మనలేదు, ఉండమనలేదు. తహసీల్దారుతో తనేదో చెప్పుకుంటానన్నాడు, అంతే. శుక్రవారం వచ్చింది, పోయింది. కోటిలింగాన్ని పర్మనెంటు చేశారు. కానీ అతను ఆ సంతోషం కంటే తండ్రి మనసులో ఏముందోనన్న దిగులే ఎక్కువ మోశాడు. రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు.

సినిమా ఊళ్ళన్నీ తిరిగి వినుకొండకి చేరేసరికి ఐదు నెలలు పట్టింది. అప్పుడు ఉత్తరం వచ్చింది. కోటిలింగం గదిలో నిలబడి పైకే చదివాడు కాబట్టి నాకు తెలిసింది.

"అబ్బాయి కోటికి. మీ అమ్మని సినిమాకి తీసకపోయా. ఆ ఘట్టం వచ్చింది. అడుగులు వినబడగానే మీ అమ్మ తెర చూడటం మాని వెనక్కి తిరిగి హాలు తలుపు వంక చూసింది. నేను పక్కనే ఉన్నా. మళ్ళా నా మొహం చూసింది. మళ్ళా తలుపు చూసింది. హాల్లో అందరూ ఏడుస్తున్నారు. ఇదా నువ్వు చేసే పని అనుకున్నా. బల్ల వెనక కూర్చునేవాడు ఇట్టా ఒక్కర్నీ ఏడిపించలేడు. ఏడిపిస్తాడు గాని అది వేరే. మీ అమ్మకి సంగతి నేను చెప్పలా. నువ్వొచ్చి చెప్పు."

కోటిలింగం మర్నాడే సెలవు పెట్టాడు. మొదటిసారి నన్ను రోడ్డు మీద తొడుక్కున్నాడు. వినుకొండలో బస్సు దిగి వీధిలోకి తిరిగాక, అరుగు మీద కూర్చున్న సింగరయ్య కొడుకుని దూరం నుంచే చూశాడు. లేవలేదు. మాట్లాడొద్దన్నట్టు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

అప్పుడు కోటిలింగం తన నడక మానేశాడు. కుడి అడుగు గట్టిగా వేశాడు. ఎడమది ఈడ్చాడు. మెట్టు దగ్గర ఆగాడు. కుడి చెప్పు చప్పున విప్పి, గోడ పట్టుకుని, ఎడమది నిదానంగా విప్పాడు. అరుగు మీద సింగరయ్య కళ్ళు మూసుకుని వింటున్నాడు.

లోపల పొయ్యి దగ్గర నుంచి, వెనక్కి తిరక్కుండానే, పున్నమ్మ అంది: "ఇంతసేపూ అరుగు మీదే ఉంటివి గదా, మళ్ళా ఏ మూలకి పోయొచ్చావ్? కాళ్ళు కడుక్కో, అన్నం పెడతా."

పీట వాల్చిన చప్పుడు వినబడింది. కోటిలింగం ఉత్త కాళ్ళతో లోపలికి వెళ్ళాడు. ఆమె తిరిగి చూసి ఏమందో, అతను ఎలా చెప్పాడో నాకు తెలియదు. నేను గడప బయటే ఉండిపోయాను. సినిమాలో అయినా, ఇంట్లో అయినా నా పని అక్కడి దాకానే.