మళ్లీ గల్లా దగ్గరికి

మధురానగర్ హాస్టళ్లలో సారయ్య మెస్ తెలియని పిల్లలు ఉండేవారు కాదు. అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ నేర్చుకోవడానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లంతా మధ్యాహ్నానికి అక్కడికే చేరేవారు. వంట మంగవ్వది. ఆమె భర్త సారయ్య గల్లా దగ్గర కూర్చుని, ఎవరికి ఇంటర్వ్యూ పోయిందో మొహం చూసి చెప్పేవాడు.

నీళ్ల ట్యాంకు మెట్ల మీంచి జారిపడ్డాక అతనికి వెన్నుపూస ఆపరేషన్ అయింది. చేతికర్రతో నడక వచ్చింది గాని, మూత్రం మీద పట్టు పోయింది. ఒకరోజు గల్లా దగ్గరే లుంగీ తడిసింది. ఎవరూ చూడలేదని మంగవ్వ ఎంత చెప్పినా వినకుండా వెనక గదిలోకి పోయాడు. ఇక బయటికి రానేలేదు.

మంగవ్వ బతిమాలి తీసుకెళ్తే, పంజాగుట్ట ఆసుపత్రి డాక్టరు, లోపలికి గొట్టం వేయనక్కర్లేదు, మూత్రం సంచిలోకి పోయేలా పైన తొడిగే కండోమ్ కేథటర్ చాలన్నాడు. సారయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"దుకాణంల గా పేరు నేను అడుగ," అన్నాడు బయటికి రాగానే.

"నేనడుగుత. నాకేం సిగ్గు?" అంది మంగవ్వ. పక్కవాళ్లంతా తిరిగి చూసేలా అడిగింది కూడా.

ఇంటికొచ్చి తనే తొడిగి, గొట్టం కొసను సంచికి తగిలించింది. తొడుగు వదులుగా ఉంది. ఊడిపోతుందేమోనని దెబ్బలకు వేసే పట్టీ తెచ్చి చుట్టూ బిగించింది. లుంగీ తడవలేదు. సారయ్య చాలా రోజుల తర్వాత హాయిగా కాళ్లు చాపుకున్నాడు.

సంచి ఖాళీ చేద్దామని వచ్చిన మంగవ్వ అదిరిపడింది. అంగం ముందుభాగమంతా ఉబ్బి నీలంగా మారింది.

"నొస్తలేదా?"

"నాకేం తెలుస్తలేదే."

ఆపరేషన్ నుంచీ అతనికక్కడ స్పర్శ సరిగా లేదు. ఆమె పట్టీ విప్పి, తొడుగు తీసేసి, ఆటో పిలిచింది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"కూర మాడిననాడు సుత గింత ఏడ్వలే నువ్వు," అన్నాడు సారయ్య. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

వేళకే వచ్చారన్నాడు డాక్టరు. వాపు తగ్గి, చర్మం మామూలయ్యాక రమ్మన్నాడు. అప్పుడు నర్సు ఛాయాదేవి కొలత తీసి, చిన్న సైజు తొడుగు ఇచ్చింది.

"చుట్టూ పట్టీ వేస్తే రక్తం ఆడదమ్మా. ఆయనకు నొప్పి తెలియదు కాబట్టి మీరే చూసుకోవాలి. తొడిగాక కాసేపాగి ఒకసారి, ఆ తర్వాత మధ్యమధ్యలో చూస్తుండండి. ఇప్పుడు నా ముందు మీరే తొడగండి."

మంగవ్వ చేతులు కడుక్కుంది. సబ్బునీళ్లతో అతన్ని శుభ్రం చేసి, తడి లేకుండా అద్దింది. ముందు తోలును దాని చోటే ఉంచి, కొసన కాస్త ఖాళీ వదిలి తొడుగు ఎక్కించింది. అది అతుక్కునేదాకా మెల్లగా పట్టుకుంది.

"బాగుంది! రోజూ తీసేసి కొత్తది వేయండి. చర్మం ఎర్రబడినా, పుండయినా, మూత్రం రాకపోయినా, జ్వరమొచ్చినా తీసేసి మా దగ్గరికి రండి. గొట్టం మెలిపడకూడదు, సంచి నడుం కిందే ఉండాలి."

"మంచినీళ్లు తాగచ్చా మేడమ్?" అడిగాడు సారయ్య భయంభయంగా.

"శుభ్రంగా తాగండి."

కొన్నాళ్లు ఇంట్లోనే అలవాటు చేసుకున్నాక, ఒక సోమవారం మధ్యాహ్నం సారయ్య పిక్కకు సంచి కట్టుకుని, లుంగీ సర్దుకుని గల్లా దగ్గర కూర్చున్నాడు. రాజమండ్రి నుంచి వచ్చి చదువుకుంటున్న కేదార్ ఆగిపోయాడు.

"ఏంటండీ సారయ్య గారూ, ఊరెళ్లారా?"

"లే బేటా, పాణం బాగలేకుండె. నీ సంగతేంది? ఇయ్యాల ఇంటర్వ్యూల జవాబ్ జెప్పలేదా?"

"మీకెలా తెలిసిందండీ?"

"నీ మొహం చెప్తుంది. పో, పెరుగు ఇంకో గంటె ఏయించుకో."

భోజనాలు జోరుమీదున్నప్పుడు సంచి బరువు తెలిసింది. సారయ్య కర్ర అందుకుని లేచాడు.

"మంగా, గల్లా జర చూడు. సంచి ఖాళీ జేసొస్త!"

అంతమందిలో అంత గట్టిగా చెప్పానని అతనికే తర్వాత తట్టింది. పిల్లలు ఒక్కరూ తలెత్తలేదు. సాంబారు వేడిగా ఉంది. మంగవ్వ మాత్రం గరిటె పట్టుకునే వచ్చి, అతని కుర్చీలో కూర్చుంది.