డాన్ లియాంద్రో అనని మాట

రఫయేలా రోజూ సెనగల కూర గిన్నె గుడ్డలో మూటగట్టుకుని నౌకాదళం వాళ్ల అబ్జర్వేటరీ గుట్ట ఎక్కేది. వేడి తిండి అందకపోతే మామగారు డాన్ లియాంద్రోకి కోపం వస్తుంది. ఆయన కోపమంటే ఊరంతటికీ భయమే, ఎందుకంటే ఊరి మధ్యాహ్నం ఆయన నోట్లో ఉంది.

అక్కడ రెండు రాతి స్తంభాల మధ్య ఒక ఇత్తడి దుర్భిణి ఉంది. తాతల కాలంలో లండన్ నుంచి ఓడలో వచ్చింది. దాని కంటి అద్దంలో సాలీడు పోగొకటి నిలువుగా కట్టి ఉంటుంది. సూర్యుడి అంచు ఆ పోగును తాకగానే ఆయన "టాప్" అంటాడు, చర్చిలో పన్నెండు కొడతారు. ఆయన అనేదాకా సూర్యుడు పోగు దగ్గరే నిలబడతాడు. ఒకసారి దగ్గుతెర వచ్చి ఆయనకు మాట పెగలకపోతే, లా ఇస్లా ఊళ్లోని ఆడవాళ్లు దించిన గిన్నెలు మళ్లీ పొయ్యి మీదికెక్కించి, ఆ ముసలాయనకి ఎవరైనా కాస్త తేనె నాకించండమ్మా అని విసుక్కున్నారు.

ఆ ఆగస్టు రోజు రఫయేలా గిన్నె కింద పెట్టి కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. మొగుడు సెర్వాండో పడవ చుక్కాని విరిగి, ఇసుక తిన్నె అవతల అల్లాడుతోంది. పోటు నిండుగా ఉంది కాబట్టి తిన్నె మీద ఇంకా నీళ్లున్నాయి. మధ్యాహ్నం దాటితే ఆటు మొదలవుతుంది. నీళ్లు తీశాయంటే అలలన్నీ అక్కడే విరుగుతాయి, పడవ పుల్లలైపోతుంది.

"మామయ్యా, మాట అనకండి."

"నేనూ చూశానమ్మాయ్. అనను," అన్నాడాయన అద్దం మీంచి కన్ను తియ్యకుండానే.

సూర్యుడు ఆగాడు. నీళ్లూ ఆగాయి. పడవలో తెడ్లు మాత్రం కదులుతున్నాయి. చాలా నెమ్మదిగా కదులుతున్నాయి.

కొంతసేపటికి ఉప్పుమడుల మేస్త్రీ కుర్రో రొప్పుతూ గుట్టెక్కి వచ్చాడు.

"డాన్ లియాంద్రో, దణ్ణం పెడతాను, వదిలెయ్యండి. నెత్తి మీద ఎండ, కింద ఉప్పు మంట. గంట కొట్టకుండా పార దించినవాడు రేపట్నుంచి రానక్కర్లేదంటున్నాడు మా దొర." అప్పుడు రఫయేలాని చూసి గొంతు తగ్గించాడు. "మీ నాన్న రెండుసార్లు పడ్డాడమ్మా. ఇంటికి పొమ్మంటే, 'గంట కొట్టారా?' అని నన్నే కసురుకుని మళ్లీ పార పట్టుకున్నాడు. ఆయన మొండితనం నీకు తెలియంది కాదు."

డాన్ లియాంద్రో కోడలి వైపు తిరిగాడు.

"అక్కడున్నది నా కొడుకు. నా నోటంతట అది రాదు. నువ్వు అనమను, అంటాను."

రఫయేలా సముద్రం వైపు చూసింది. తల్లి పోయాక తనకు జడ వెయ్యడం నేర్చుకున్న మనిషి ఆ మడుల్లో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చాలు. ఆమెకు నోరు రాలేదు. రాలేదనడం కూడా అబద్ధం, ఆమె రానివ్వలేదు. కుర్రో ఆమె మొహం చూశాడు. అర్థమై, టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

పడవ అడుగు తిన్నెను గీసుకుంటూ లోపలికి వచ్చేసింది. సెర్వాండో తడిసిన బట్టలతోనే గుట్టెక్కాడు.

"ఏంటి నాన్నా, ఇవాళ పన్నెండు కొట్టనివ్వవా? ఆకలికి చచ్చిపోతున్నాను."

"టాప్," అన్నాడు డాన్ లియాంద్రో. గంటలు మోగాయి. గుమ్మం నీడ కదిలింది.

ఆ నీడలోకి కుర్రో మళ్లీ వచ్చాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది. అతను నోరు తెరవబోతుంటే రఫయేలా వద్దని చెయ్యి చూపింది. గిన్నె మూట విప్పి మొగుడికి కూర వడ్డించింది, రొట్టె తుంచి పెట్టింది. పక్కన కూర్చుని చూస్తూ ఉంది.

"నువ్వు తినవా?" అన్నాడు సెర్వాండో.

"నువ్వు కడుపునిండా తిను. తిన్నాక మా నాన్నను మొయ్యాలి."