ముట్టుకునే ముందు

బోర్డులు రాసే అక్కకు ముక్కు మీదే కోపమని వీధంతా అంటుంది. ఆ వారం మాత్రం కోపమంతా తమ్ముడి ముక్కు గురించే.

తమ్ముడికి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టదు. అమ్మ వైపు నుంచి వచ్చిన జబ్బు. మేనమామ పన్ను పీకించుకోబోయి ప్రాణమే పోగొట్టుకున్నాడు. తమ్ముడికి ఆ గతి పట్టకూడదని అక్క చిన్న రేకు మీద ఎర్రరంగుతో రాసి అతని మెడలో వేసింది: ‘నా రక్తం ఆగదు. ముట్టుకునే ముందు అడగండి.’ అక్షరాలు ముత్యాల్లా కుదిరాయి. వాటితోనే కొంప మునిగింది.

దుకాణం షట్టర్ దించుతుంటే కొక్కెం జారి తమ్ముడి ముక్కుకు తగిలింది. బయటికి చుక్క రక్తం రాలేదు, లోపలే చేరింది. రెండు రోజులకు ముక్కు రెండు వైపులా మూసుకుపోయి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు రేకు చదివి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ముక్కులోకి తొంగి చూడకుండానే జలుబని తేల్చి చుక్కల మందు రాశాడు.

జ్వరం ఎక్కువై మళ్లీ వెళితే ముక్కు డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. ముక్కు మధ్య గోడలో చీము పట్టిందనీ, తీయకపోతే లోపలి మెత్తటి ఎముక కరిగిపోతుందనీ, చీము మెదడుకీ ఎక్కవచ్చనీ చెప్పింది. అంతా చెప్పి, రేకు చూసి, తను కత్తి పెట్టనంది. రక్తం డాక్టరు దగ్గరికి పొమ్మంది. చీము తన పని కాదని ఆయన వెనక్కి పంపాడు. మర్నాడూ అదే తంతు. రక్తం గడ్డకట్టించే ఇంజెక్షన్ ముందుగా ఇచ్చి కోయొచ్చు. ఆ మందు కింది అంతస్తు ఫ్రిజ్‌లోనే ఉంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకుంటే తేలిపోయే పని. అంతంత చదువులు చదివి ఒకరినొకరు పలకరించుకోలేని మనుషుల్ని ఏమనాలి?

అక్క రక్తం డాక్టరు బల్ల ముందు నుంచి కదలలేదు. ఆయన లేచేదాకా ఉండి, వెంటబెట్టుకుని ముక్కు డాక్టరమ్మ గదికి తీసుకెళ్లింది. తమ్ముడి మెడలోని రేకు తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

"ఇది నేను రాసిందే. సరిగ్గా చదవండి. అడగమన్నాను. వదిలెయ్యమనలేదు."

అప్పటికి గానీ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. సాయంత్రానికి ఇంజెక్షన్ పడింది, చీము పోయింది, ప్రాణం దక్కింది. ముక్కు దూలం మాత్రం కుంగిపోయింది.

"నీ కోపం నా ముక్కెక్కిందక్కా, ఆ బరువుకే కుంగింది" అన్నాడు తమ్ముడు.

అక్కకు నవ్వు రాలేదు. ఇంటికొచ్చి రేకు గీకి, కుంచె ముంచి మళ్లీ రాసింది: ‘నా రక్తం ఆగదు. అడగండి. అడిగి, ముట్టుకోండి.’