ఫ్రెడుకి మిగిలిన మాట

పక్షవాతం వచ్చి ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక నా మొగుడు ఫ్రెడుకి ఒకే ఒక్క మాట మిగిలింది. ఆస్ట్రా. నీళ్ళు కావాలన్నా ఆస్ట్రాయే, దిండు సరిచెయ్యమన్నా ఆస్ట్రాయే. ఫాదర్ వచ్చి ప్రార్థన చదివితే చివర ఆమెన్ అనాల్సిన చోట కూడా ఆస్ట్రా అన్నాడు. ఫాదర్ ముఖం చూడాలి అప్పుడు. "పోనీలెండి ఫాదర్, అదీ లాటినే కదా" అని నేనే సర్దిచెప్పాను. కొందరికి అలా ఒక్క మాట నిలిచిపోతుందని డాక్టరు చెప్పాడు. ముప్పై ఏళ్ళు కాపరం చేసిన డొలోరా అనే నా పేరు నిలవలేదు గానీ బ్యాండు క్లబ్బు పేరు నిలిచింది. నాకు ఒళ్ళు మండలేదంటే అది పచ్చి అబద్ధం.

మా ఊరు హాల్ మిరాన్‌లో ఆ మాట లేనిదెక్కడ? నక్షత్రాలని అర్థమట. నూరేళ్ళ కిందట ఎవరో ఫాదర్ మా బ్యాండు జెండా మీద రాయించాడు. మా అమ్మమ్మ బతికున్నన్నాళ్ళూ అది మరియమ్మ తల్లి ఇంటిపేరనే అనుకుంది. బ్యాండు ఆస్ట్రా, దాని వెనక నాటకాల హాలు ఆస్ట్రా, పొలాల్లో మా బాణాసంచా పని జరిగే చోటూ ఆస్ట్రాయే. రొట్టెల దుకాణం, చేపల పడవ, మా పెద్దమ్మ మనవరాలు, అందరిదీ అదే పేరు. ఆ పేరుతో జర్మనీవాళ్ళు కారొకటి చేస్తారని తెలిశాక మా వీధంతా అవే కార్లు.

చౌకుకి అవతలి వైపు మా పోటీ బ్యాండు, పాల్మా క్లబ్బు. మాకూ వాళ్ళకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. వాళ్ళు ఆ మాట నోటితో పలకరు. "అవతలివాళ్ళు" అంటారు. టీవీ బొమ్మలు పంపే ఉపగ్రహానికి కూడా అదే పేరుందని తెలిసి, ఇంటి మీది డిష్ గొడుగులన్నీ వేరే ఉపగ్రహం వైపు తిప్పుకున్నారు. పిల్లలు బొమ్మల సినిమాల కోసం ఏడ్చి మొత్తుకున్నా సరే.

ఫ్రెడు తమ్ముడు స్పీరూ ఇప్పుడు ఆ పాల్మావాడే. మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంటాడు. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ పొలంలో బాణాసంచా పని చేసేవాళ్ళు, సాయంత్రం బ్యాండులో క్లారినెట్ వాయించేవాళ్ళు. మా మామగారు బ్యాండు మాస్టారు, బాణాసంచా పనికీ ఆయనే పెద్ద. ఆస్ట్రా మార్చ్ కట్టింది ఆయనే. ఆయన పోయాక ఆ కుర్చీ స్పీరూదే అని ఊరంతా అనుకుంది. కమిటీ మాత్రం పట్నం నుంచి ఇంకొకరిని తెచ్చింది, దానికి చెయ్యెత్తిన వాళ్ళలో మా ఆయన కూడా ఉన్నాడు. ఎందుకెత్తావయ్యా అంటే "క్లబ్బు మంచి కోసం" అన్నాడు. మర్నాడు స్పీరూ క్లబ్బు గుమ్మంలో నిలబడి, మా నాన్న సమాధి సాక్షిగా ఈ మాట గానీ ఈ పాట గానీ మళ్ళీ నా పెదాల మీదికి రాదు అని ఒట్టేసి చౌకు దాటి పోయాడు. పదకొండేళ్ళయింది. నన్ను చూస్తే తలుపు వేసుకుంటాడు.

ఆ బుధవారానికి మా ఊరి పండుగ ఇంకా తొమ్మిది రోజులుంది. దక్షిణం నుంచి వేడిగాలి కొడుతోంది. మా బ్యాండంతా బస్సెక్కి దీవి అవతలి ఊరి పండుగలో వాయించడానికి పోయింది. వీధిలో మధ్యాహ్నపు నిద్ర, కుక్క కూడా లేదు.

మా అమ్మాయి లిబెరాటా తండ్రికి సేమియా సూపు తాగిస్తోంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. తండ్రి మంచం పట్టాక బాణాసంచా పని మొత్తం తన నెత్తిన వేసుకుంది. లైసెన్సు ఉంది, ధైర్యం దానికి మించి ఉంది.

"నాన్నా, ఎర్రచుక్కలు ఎండాయి. ఇవ్వాళ తెల్లచుక్కలు పట్టుకుంటా. మార్తా డబ్బాలోది, గంధకం, అంతే కదా? పొద్దున జల్లించి కలిపి పెట్టా. ఇప్పుడెళ్ళి పిసికి ఉండలు చేస్తా" అంది.

పైకి పోయి నక్షత్రాల్లా వెలిగే మందు ఉండల్నే మేం చుక్కలంటాం.

మా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఆస్ట్రా" అన్నాడు.

"ఆ, ఆస్ట్రా గెలుస్తుందిలే నాన్నా. పాల్మావాళ్ళ కళ్ళు చెదిరిపోవాలి చూడు." తండ్రి నుదుటి మీద ముద్దుపెట్టి స్కూటరెక్కి పోయింది.

అక్కడితో మొదలుపెట్టాడు. ఆస్ట్రా, ఆస్ట్రా, ఆస్ట్రా. పనిచేసే ఎడమచేత్తో మంచం పట్టీ బాదుతున్నాడు. నీళ్ళిచ్చాను, విదిలించాడు. పక్క మార్చబోతే నా చెయ్యి గీరాడు. "ఏంటయ్యా నీ బాధ, ఆ ఒక్క మాటతో నేనేం అర్థం చేసుకోను?" అని అరిచాను కూడా. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనున్న బల్ల మీద వరసగా మందుసీసాలున్నాయి. మొదటి సీసాను పట్టుకుని రెండోదాని చోటికి జరిపాడు. రెండోదాన్ని మూడోదాని చోటికి. చివరిదాన్ని తెచ్చి మొదట పెట్టాడు. నా వంక చూశాడు. మళ్ళీ జరిపాడు.

సీసాల సంగతి నాకు అర్థం కాలేదు గానీ, ఆయన భయం ఎవరి గురించో అర్థమైంది.  లిబెరాటాకి ఫోను చేద్దామంటే ఫోన్లు పొలం గేటు దగ్గరే పెట్టెలో పెట్టి లోపలికి వెళ్ళాలి. గేటు కాపలా వీజీ తాతకి సగం చెవుడు, ఫోను మోగినా వినబడదు. నాకు బండి నడపడం రాదు. నడపడం వచ్చినవాళ్ళంతా బస్సెక్కి పోయారు.

వీధిలోకి పరిగెత్తి స్పీరూ తలుపు రెండు చేతులతో బాదాను.

బనియనుతో, నిద్రకళ్ళతో తలుపు తీశాడు. నన్ను చూసి మూసెయ్యబోయాడు. నేను కాలు అడ్డం పెట్టాను.

"కాలు తియ్యి వదినా."

"తియ్యను. విరగ్గొట్టుకో. మీ అన్న మందుసీసాలు జరుపుతున్నాడు."

"జరుపుకోనీ. నాకేం పని?"

"ఒకటి తీసి రెండోదాని చోట, రెండోది మూడోదాని చోట. లిబెరాటా తెల్లచుక్కలు చేస్తానని చెప్పి వెళ్ళిందగ్గర్నుంచీ ఇదే వరస, ఏడుస్తున్నాడు."

స్పీరూ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. "దేంతో చేస్తానంది?"

"మార్తాతో. గంధకంతో కలిపిందంట."

 చెప్పుల్లేకుండానే బండి తాళాలు తీశాడు. "ఎక్కు" అన్నాడు.

దారిలో చెప్పాడు. పాల్మా గూఢచారులకు మందుల పాళ్ళు తెలియకూడదని అన్నదమ్ములిద్దరూ కుర్రతనంలోనే డబ్బాల మీద మందుల పేర్లకు బదులు పునీతురాళ్ళ పేర్లు రాశారట. మార్తా, లూచియా, అగాతా, ఇంకా ఎవరెవరో. అన్నీ తెల్లపొడులే, పిండిలా ఒకేలా ఉంటాయి. ఇంతవరకూ నాకూ తెలుసు. తెలియనిదేంటంటే, ప్రతి ఏడాదీ పండుగ మర్నాడు ఆ పేర్లన్నీ ఒక్కో డబ్బా పక్కకి జరుపుతారు.

"నిరుడు మార్తా సురేకారం. అది గంధకంతో కలిసినా పేచీ లేదు. ఈ ఏడు మార్తా ఏంటో నీకు చెప్పక్కర్లేదు వదినా."

నిజమే, చెప్పక్కర్లేదు. సురేకారం పక్క డబ్బాలో ఉండేది క్లోరేటు. క్లోరేటూ గంధకమూ కలిస్తే నిప్పు కూడా అక్కర్లేదు, అరచేతి రాపిడి చాలు. మా మామగారు పోయింది అలాగే. పెట్టెలో పెట్టి పూడ్చడానికి ఆయన క్లారినెట్టే మిగిలింది.

"పిల్లకి చెప్పలేదా వాడు?" అన్నాడు స్పీరూ.

చెప్పలేదు. పక్కపార్టీకి తెలిసిపోతుందని సొంత కూతురికి కూడా చెప్పని మహానుభావుడు నా మొగుడు. నాకు ఆయన మీద ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అప్పుడే ఇంకోటి తట్టింది. ఈ గుట్టు తెలిసిన తమ్ముడు శత్రువుల్లో కలిసి పదకొండేళ్ళయినా ఫ్రెడు పద్ధతి మార్చలేదు. పాల్మావాళ్ళ చుక్కలు ఏనాడూ మా అంత తెల్లగా వెలగలేదు. అంటే ఇతనూ నోరు విప్పలేదు. నేను అతని వైపు చూశాను. అతను దారి వైపే చూస్తున్నాడు.

రాతిగోడలు, నాగజెముళ్ళు దాటి బండి గేటుకి చాలా దూరంలోనే ఆపేశాడు. మిగతా దారి నడిచాం. పరిగెత్తకూడదు. పొలంలో పరిగెత్తడం, అరవడం, తలుపు కొట్టడం, మూడూ లేవు. లోపలున్న మనిషి చేతులు మందులో ఉంటాయి. ఉలిక్కిపడితే చాలు.

గేటు దగ్గర వీజీ తాత లేచి నిలబడ్డాడు. "వీడా? పాల్మావాడు ఈ గేటు దాటడు. నా శవం మీద నుంచి పోవాలి."

"నెమ్మదిగా మాట్లాడు తాతా. లిబెరాటా ఏ గదిలో ఉంది?" అన్నాను.

"మూడోదాన్లో. ఇందాకే వెళ్ళింది."

"ఈల వెయ్యి. పిలువు దాన్ని."

లోపలివాళ్ళని పిలవడానికి మాకు ఒక్కటే దారి. గోడ బయట నిలబడి ఆస్ట్రా మార్చ్ మొదటి వరస ఈల వెయ్యాలి. లోపలి మనిషి చేతిలోది మెల్లగా దించి రెండో వరస ఈలతో బదులిస్తాడు. మా మామగారు పెట్టిన పద్ధతి. ఆ పాటకి ఎవరూ ఉలిక్కిపడరు, మా ఊళ్ళో కడుపులో పిల్లలు కూడా వినే పాట అది.

వీజీ తాత నోరు తెరిచి చూపించాడు. ఒక్క పన్ను లేదు. "పోయినవారమే పీకించుకున్నానమ్మా. కట్టుడుపళ్ళు పండుగకి వస్తాయి." అయినా పెదాలు ముడిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. నేను ప్రయత్నించాను. నా జన్మలో ఈల వేసింది లేదు, ఉమ్మి వచ్చింది.

మూడో గది కిటికీలోంచి చెక్కగరిట పక్కన పెట్టిన చప్పుడు వినిపించింది. గరిట పక్కన పెట్టారంటే ఇక చేతులే.

నేను స్పీరూ వైపు తిరిగాను. ఒట్టు సంగతి నాకు తెలుసు, నేనేమీ అడగలేదు.  పెదాలు తడుపుకున్నాడు. ఊదాడు. ఎండిపోయిన నోరు, ఏమీ రాలేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ ఊదాడు.

ఈసారి వచ్చింది. సన్నగా మొదలై, మలుపు దగ్గర కాస్త సాగి, మళ్ళీ అందుకుంది. మొదటి వరస పూర్తయింది. ఆగాం. గాలి తప్ప ఏమీ లేదు. వీజీ తాత టోపీ తీసి గుండెకి అదుముకున్నాడు. నేను మరియమ్మని తలుచుకోవడం మొదలుపెట్టి మధ్యలో మాటలు మరిచిపోయాను.

స్పీరూ ఇంకోసారి వేశాడు. చివర వణికింది.

లోపల నుంచి రెండో వరస వినిపించింది.

తలుపు తెరుచుకుని లిబెరాటా బయటికి వచ్చింది. నడిచే వచ్చింది, అలా నేర్పింది తండ్రే. చేతులు శరీరానికి దూరంగా పెట్టుకుంది. వేళ్ళకి పొడి అంటలేదు, అప్పుడే గరిట వదిలిందట. ముఖం మాత్రం వెలిగిపోతోంది. మమ్మల్ని దాటి గేటు బయటికి, దారి మీదికి చూస్తోంది.

"నాన్న ఏడీ? నాన్న ఈలే కదా అది? ఆ మలుపు దగ్గర అలా సాగదీసేది నాన్నే కదా? ఏడమ్మా?"

 అప్పుడు స్పీరూ వంక చూసింది. చిన్నప్పుడు తనని భుజాల మీద ఎక్కించుకున్నవాడే, పదకొండేళ్ళుగా పలకరింపు లేదు.

"బాబాయ్" అంది.

"ఆ గదిలోకి ఇంకెవరూ పోవద్దు. తలుపు అలాగే ఉండనీ" అని వీజీ తాతకి చెప్పి, స్పీరూ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అరికాళ్ళ నిండా ముళ్ళు. ఆ గదిలోని మందు సంగతి ఆనక పేలుడు మందులు తీసేసే సైన్యంవాళ్ళు వచ్చి చూసుకున్నారు. ఆ ఏడు పండుగకి మాకు తెల్లచుక్కలు లేవు. పాల్మావాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ.

ఇల్లు చేరేసరికి ఫ్రెడు ఇంకా సీసాలు జరుపుతూనే ఉన్నాడు. కూతురు గుమ్మంలో కనబడగానే చెయ్యి ఆగింది. దాని రెండు చేతులూ అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, వేళ్ళు లెక్కపెట్టుకున్నట్టు. ఆ తరువాత తల ఎత్తి గుమ్మం బయట నిలబడ్డ తమ్ముణ్ణి చూశాడు. స్పీరూ గడప దాటలేదు, వెనక్కీ పోలేదు.

ఫ్రెడు అన్నాడు, "ఆస్ట్రా."

"నీళ్ళు కావాలా నాన్నా?" అంది లిబెరాటా. నేను దిండు అందుకున్నాను.

"నీళ్ళూ కాదు, దిండూ కాదే" అన్నాడు స్పీరూ. "కూర్చోమంటున్నాడు." లోపలికి వచ్చి మంచం పక్కకి కుర్చీ లాక్కున్నాడు.