రెండో షెడ్డు కషాయం

ఎవారిస్తో కోళ్ళ షెడ్డులో మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద పరిచిన ఊక గుప్పెడు తీసి గట్టిగా పిసికాడు. వేళ్ళు విప్పగానే ఊక పొడిపొడిగా రాలిపోయింది. ముద్ద కట్టలేదంటే కోళ్ళ పేగులు బాగున్నట్టే. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి, షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి అలా ముప్పైసార్లు కూర్చుని లేస్తాడు. ఇరవై రెండేళ్ళుగా రోజూ తెల్లవారేసరికి ఇదే పని. డాక్టర్లు కోడిని కోసి చెప్పే సంగతి అతను ఊక పిసికి చెప్పేవాడు. మా మోకా ఊరి చుట్టుపక్కల అలాంటి చేయి ఇంకొకటి లేదు, ఒట్టు.

అలాగని కోళ్ళను చూసి కన్నీళ్ళు పెట్టుకునే రకం కాదు. ఆదివారం పూట కోడి పులుసూ అన్నమూ లేనిదే అతనికి ముద్ద దిగదు. "పెంచేదీ నువ్వే, తినేదీ నువ్వే!" అని మేం వేళాకోళం చేస్తే, "తినబోయేదాన్ని కడుపునొప్పితో పంపిస్తామట్రా?" అనేవాడు.

ఆ రోజు కోడిపిల్లలు షెడ్డుకొచ్చి ముప్పై అయిదో రోజు, తూకం రోజు. మొదటి షెడ్డు కోళ్ళకు దాణాలో ఒరేగానో ఆకుపొడి కలిపారు. వాములా ఘాటైన ఆకు అది. రెండో షెడ్డుకు వట్టి దాణా. పొడి తిన్నవి ఎక్కువ తూగితే, గ్వాయుబిన్ కొండల్లో ఆ ఆకు కోసి ఎండబెట్టే ఆడవాళ్ళకు మా కోళ్ళ కంపెనీ ఏడాది పొడవునా పని ఇస్తుంది. లేకపోతే లేదు. వాళ్ళ తరఫున ఫ్రెడెస్‌విందా పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. ఎండకు కమిలిన ముఖం, వేళ్ళ నిండా ఆకు పసరు.

మొదటి షెడ్డు కోడి సగటున రెండు కిలోల నాలుగు వందల గ్రాములు తూగింది. ఫ్రెడెస్‌విందా నవ్వు ఆపుకోలేకపోయింది. రెండో షెడ్డులో కాటా వెనక తలుపు దగ్గర పెట్టారు. ఒకటి, పది, యాభై కోళ్ళు తూచారు. అక్కడా రెండు కిలోల నాలుగు వందలే. కంపెనీ డాక్టరు యొకాస్తా పెన్ను మూత పెట్టేసింది.

"ఆకు వేసినా వేయకపోయినా ఒకటేనన్నమాట. ఏం చేయను ఫ్రెడెస్‌విందా, ఇదే రాయాలి."

ఫ్రెడెస్‌విందా సంచి నేల మీద పెట్టి దాని మీదే కూర్చుండిపోయింది. ఎవారిస్తో ఆమె వేళ్ళకేసి చూశాడు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఎక్కడికీ పోదు. ఎవరికీ తెలియదు కూడా.

"డాక్టరమ్మా, రాయకండి. ఇవి ఆకు తాగిన కోళ్ళే."

"ఏమంటున్నావు?"

"పన్నెండు రోజులు కషాయం పోశాను. ఇరవయ్యో రోజు నుంచి పారుకుంటున్నాయి, ఊక అంతా ముద్ద. చూడలేకపోయాను. మా అమ్మ మాకు కాచిపోసినట్టే కాచాను."

"ఒక్క ఆకు కూడా పడకూడదని మొదటిరోజే చెప్పానా లేదా?"

"చెప్పారు."

ఫ్రెడెస్‌విందా దిగ్గున లేచింది. "ఓరి నీ జాలి తగలెయ్య! మా నోట్లో మట్టి కొట్టావు కదయ్యా!"

"కొట్టాలని కాదమ్మా..."

డాక్టరమ్మ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపింది. "షెడ్డంతా పోశావా?"

"ఎక్కడ సరిపోతుంది తల్లీ? మా పెరట్లో ఉన్నది ఒకే ఒక్క పొద. వెనక నీళ్ళ టాంకుకే చాలింది. షెడ్డు మధ్యలో కట్టిన వల అవతల, ముందు సగంలో ఒక్క చుక్క పడలేదు. అవీ పారుకున్నాయి. వాటిని చూడలేక ముఖం అవతలికి తిప్పుకుని నడిచేవాణ్ణి."

కాటా ముందు సగానికి మోశారు. యాభై కోళ్ళు తూచేసరికి మధ్యాహ్నమైంది. సగటున రెండు కిలోల నూట ఎనభై. డాక్టరమ్మ అంకెలు రెండుసార్లు చూసుకుంది.

"కాగితం మీద ఇది నిలవదు. కానీ నా కళ్ళతో చూశాను. మళ్ళీ పరీక్ష పెట్టమని గట్టిగా రాస్తాను. రేపు పొద్దున ముందు సగంలో మిగిలినవన్నీ తూచాలి. ఈ రాత్రికి వాటి జోలికి ఎవరూ..." ఆమె ఆగిపోయింది. ఆపైన చెప్పాల్సింది ఇంకోటి ఉంది.

"నా సంగతి నాకు తెలుసు లెండి," అన్నాడు ఎవారిస్తో. "సాయంత్రం పని ముగించి వెళతాను."

ఫ్రెడెస్‌విందా బస్సుకు వెళుతూ వెనక్కి వచ్చింది. తిట్టడానికేమో అనుకున్నాడు. అతని రెండు చేతులూ పట్టుకుని ఒకసారి ఊపి వెళ్ళిపోయింది. అలాంటి మనిషిని పనిలోంచి తీసేయాల్సి వచ్చినందుకు నాకిప్పటికీ కడుపు మండుతుంది. తప్పు అతనిదేనని అతనే ఒప్పుకుంటాడు, అది వేరే సంగతి.

సాయంత్రం దాణా పోశాడు, తెరలు దించాడు, ఊక పిసికి చూశాడు. పొద్దు గూకేసరికి గేటు వేసి, తాళంచెవి కాపలావాడి చేతికిచ్చి, కొండదారి పట్టాడు.

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మ రెండో షెడ్డు ముందు తలుపు తీసింది. గోడవార ఒక కుంటి కోడి కూలబడి ఉంది, నీటి గొట్టం దాకా నడవలేనిది. దాని ముక్కు ముందు, ఎవారిస్తో కాఫీ తాగే నీలం పింగాణీ కప్పు నిండుగా ఉంది. మళ్ళీ కషాయమేమోనని ఆమె గబగబా తీసి వాసన చూసింది, వేలు ముంచి నాలుకకు రాసుకుంది. వట్టి నీళ్ళే. మెల్లగా వంగి, అంచు పెచ్చూడిన ఆ కప్పును తొణక్కుండా కోడి ముందే మళ్ళీ పెట్టింది.